మెరిట్ చరిత్ర – 6: మీ నాన్నగారేం చేస్తారు?



నీట్ మీద రాసిన గత రెండు భాగాలు చదివి చాలామంది విద్యార్థులు ఇంచుమించు ఒకే ప్రశ్న పంపారు. ఒక్క పూట రాసే ఒక్క పరీక్షతో ఎవరు డాక్టరు కాగలరో, ఎవరు కాలేరో ఎలా తేలుస్తారు? అమెరికాలో, ఇంగ్లండులో ఇంటర్వ్యూ చేసి, మనిషిని చూసి మెడికల్ సీటు ఇస్తారు కదా? మనకీ అలా ఉంటే, లాంగ్‌టర్మ్ కోచింగుకి లక్షలు పోయలేని మా లాంటివాళ్లకి ఒక దారి దొరికేది కదా?

ఈ ప్రశ్నలో బాధ ఉంది, న్యాయమూ ఉంది. అందుకే ఈ భాగం మొత్తం దానికే ఇస్తున్నాను. అయితే ఇంటర్వ్యూ కావాలని అడిగే ముందు మనం ఒక చరిత్ర తెలుసుకోవాలి. మెడికల్ సీటుకి ఇంటర్వ్యూ మన దేశానికి కొత్తేమీ కాదు. మన పక్క రాష్ట్రాల్లోనే, మన తాతల కాలంలో, అది నడిచింది. దాని మీద సుప్రీంకోర్టు దాకా పోట్లాటలు జరిగాయి. ఆ గదుల్లో ఏం జరిగిందో ఆ తీర్పుల్లో కొంత రికార్డయి ఉంది.

నా మాట ముందే చెప్పేస్తాను. రాత పరీక్ష పవిత్రమైనదని నేను అనడం లేదు. అది ఎవరి పిల్లలకు అనుకూలమో మనందరికీ తెలుసు. కానీ రాత పరీక్షలో అన్యాయం జరిగితే దానికి కాగితం మీద జాడ ఉంటుంది. ఆ జాడ పట్టుకుని కొట్లాడొచ్చు. ఇంటర్వ్యూలో జరిగే అన్యాయానికి జాడ ఉండదు. జాడ లేని చోట ఎప్పుడూ నష్టపోయేది మనమే.

తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి కాబట్టి మహాభారతంతో మొదలుపెడతాను. నన్నయ ఆదిపర్వంలో కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం మీరు డిగ్రీలో చదివే ఉంటారు. అర్జునుడు చూపిన విద్యలన్నీ నేనూ చూపిస్తానని కర్ణుడు రంగంలోకి దిగుతాడు, చూపిస్తాడు కూడా. ద్వంద్వయుద్ధానికి సిద్ధమైనప్పుడు కృపాచార్యుడు అడ్డొచ్చి ఒక ప్రశ్న వేస్తాడు. నీ తల్లిదండ్రులెవరు, నీ కులమేది అని. కర్ణుడు తలవంచుకుంటాడు. విలువిద్యలో అతన్ని ఓడించినవాడు అక్కడ ఎవడూ లేడు. ఓడించింది ఆ ప్రశ్న. అప్పుడు దుర్యోధనుడు అతనికి అంగరాజ్యం కట్టబెట్టాల్సి వచ్చింది. అంటే, లోపలికి రావాలంటే విద్య సరిపోదు, ఒక పెద్దమనిషి అండ కావాలి.

దీన్ని గుర్తుపెట్టుకోండి. కృపుడి ప్రశ్న మనకు మళ్లీ ఎదురవుతుంది.

ఇక అసలు చరిత్రకి వద్దాం. మద్రాసు రాష్ట్రంలో, అంటే మన కోస్తా, సీమ జిల్లాలు కూడా కలిసి ఉన్న రోజుల్లో, కాలేజీ సీట్లను కమ్యూనల్ జీవో ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. మెడికల్ సీటు విషయంలో చంపకం దొరైరాజన్ ఈ జీవోను కోర్టుకి లాగారు. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ జరిగి 15(4) వచ్చింది. ఈ కథ మనవాళ్లందరికీ తెలుసు. ప్రతి అంబేడ్కర్ జయంతి సభలో చెప్పుకుంటాం.

మనం తక్కువగా చెప్పుకునేది ఆ తర్వాతి కథ. రిజర్వేషన్ ఉంటుందని రాజ్యాంగం తేల్చాక పోట్లాట ఇంకో చోటికి మారింది. మిగతా సీట్లలోనూ, రిజర్వుడు సీట్లలోనూ ఎవరిని ముందు పెట్టాలి, ఎవరిని వెనక పెట్టాలి? ఆ వరస ఎవరు నిర్ణయించాలి? అక్కడ ఇంటర్వ్యూ కమిటీ కూర్చుంది.

మైసూరు రాష్ట్రంలో 1963లో ఒక ఉత్తర్వు వచ్చింది. ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల్లో ప్రవేశానికి ఆప్షనల్ సబ్జెక్టుల గరిష్ఠ మార్కుల్లో 25 శాతం ఇంటర్వ్యూకి కేటాయించారు. కమిటీ దేనికి మార్కులేయాలి? జనరల్ నాలెడ్జి, యోగ్యత, వ్యక్తిత్వం, గత చదువులో ప్రత్యేక గుర్తింపులు, ఎన్‌సీసీ లాంటివి, ఆటలు, సంఘసేవ, వక్తృత్వం, నాటకాలు. ఒక్కసారి ఈ జాబితాను ఊరికి దూరంగా ఉన్న మన పేటలో నిలబడి చదవండి. 1963లో మన పేట నుంచి పీయూసీ దాకా వచ్చిన పిల్లవాడికి టెన్నిస్ ఎక్కడిది? డిబేట్ ఎక్కడిది? సెలవుల్లో అతను చేసింది కోత కూలి. దానికి కమిటీ దగ్గర గడి లేదు.

రాతలో ఎక్కువ మార్కులొచ్చినా ఇంటర్వ్యూలో తక్కువేసి తోసేశారని విద్యార్థులు కోర్టుకెళ్లారు. అదే ఆర్. చిత్రలేఖ కేసు. 1964 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మెజారిటీ తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావు. ఇంటర్వ్యూ పద్ధతి దుర్వినియోగం కావొచ్చు, అంతమాత్రాన పద్ధతినే కొట్టేయలేం, ఎక్కడైనా దుర్వినియోగం జరిగితే ఆ ఒక్కదాన్ని సవాలు చేసుకోవచ్చు అన్నది ఆ తీర్పు సారం. చట్టం చదివినవాళ్లకి ఇది సబబుగానే వినిపిస్తుంది. కానీ మూసిన గదిలో, నోటిమాటగా జరిగినదాన్ని ఒక పేద విద్యార్థి ఏ ఆధారంతో సవాలు చేస్తాడు? అడిగిన ప్రశ్నకి రికార్డు లేదు, చెప్పిన జవాబుకి రికార్డు లేదు. చివర్లో ఒక అంకె మాత్రం మిగిలింది.

ఆరేళ్ల తర్వాత మద్రాసు వంతు వచ్చింది. 1970–71లో తమిళనాడు మెడికల్ కాలేజీల ప్రవేశాల్లో ఇంటర్వ్యూకి 75 మార్కులు పెట్టారు. ఆటలు లేదా ఎన్‌సీసీ, ఇతర సేవా కార్యక్రమాలు, శారీరక స్థితి, సాధారణ సామర్థ్యం, యోగ్యత అని ఐదు అంశాలు చెప్పారు. ఏ అంశానికి ఎన్ని మార్కులో మాత్రం విడగొట్టలేదు. 75నీ గంపగుత్తగా కమిటీ చేతిలో పెట్టారు. పెరియకరుప్పన్ కేసులో జస్టిస్ కె.ఎస్. హెగ్డే ఈ గంపగుత్త పద్ధతిని తప్పుపట్టారు. ఇంటర్వ్యూ మార్కులు ఎక్కువగానే ఉన్నాయని, ప్రభుత్వం మళ్లీ ఆలోచించుకోవాలని కూడా అన్నారు. అయినా ఇంటర్వ్యూ పెట్టే అధికారం ప్రభుత్వానికి లేదని మాత్రం అనలేదు.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. ఆ కేసు వేసినవాళ్లు ఇంటర్వ్యూతో పాటు బీసీ రిజర్వేషన్‌నీ సవాలు చేశారు. కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అంటే ఈ పోరాటాలు మన కోసం జరిగినవి కావు. సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగిన, లాయర్లను పెట్టుకోగలిగిన కుటుంబాల పిల్లలకే ఇంటర్వ్యూ గదిలో అన్యాయం జరిగిందనిపిస్తే, కోర్టు మెట్లు ఎక్కలేనివాడికి అదే గదిలో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ కేసులు ఏ లా రిపోర్టులోనూ లేవు. వాళ్లు ఊరికి తిరిగి వెళ్లిపోయారు.

మూడో మజిలీ శ్రీనగర్. అది మెడికల్ కాలేజీ కాదు, రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ. కానీ ఆ తీర్పు అన్ని కాలేజీల ఇంటర్వ్యూలకీ కొలబద్ద అయింది కాబట్టి తెలుసుకోవాలి. 1979–80 ప్రవేశాల్లో రాతకి 100 మార్కులు, మౌఖికానికి 50 మార్కులు. అంటే మొత్తంలో మూడో వంతు నోటిమాట మీద ఆధారపడింది. అభ్యర్థులు కోర్టులో చెప్పుకున్నదేమిటంటే, ఒక్కొక్కరినీ రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టారు, అడిగినవి తండ్రి ఎవరు, ఊరేది లాంటి ప్రశ్నలు. చూశారా? కృపాచార్యుడు శ్రీనగర్‌లో కూర్చుని ఉన్నాడు.

అజయ్ హాసియా కేసుగా పేరుపడ్డ దీనిలో 1980 నవంబర్‌లో జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు రాశారు. కాలేజీ ప్రవేశాల్లో మౌఖిక పరీక్షకి 15 శాతం కన్నా ఎక్కువ మార్కులు పెట్టడం అన్యాయమన్నారు. ఇంటర్వ్యూని టేప్‌రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించారు. ఈ రెండో మాటను మన న్యాయ చర్చల్లో పెద్దగా పట్టించుకోరు. నాకు మాత్రం ఆ తీర్పులో అన్నిటికన్నా విలువైన మాట అదే. ఎందుకంటే జబ్బు ఎక్కడుందో ఆయన వేలుపెట్టి చూపించారు. 15 శాతమైనా 33 శాతమైనా, అసలు సమస్య గదిలో జరిగినదానికి సాక్ష్యం లేకపోవడం. అన్నట్టు, అప్పటికే ఏడాదిన్నర గడిచిపోయిందని కోర్టు ఆ ఏటి ప్రవేశాల్ని రద్దు చేయలేదు. సూత్రం నెగ్గింది, సీట్లు మాత్రం పోయినవాళ్లకి పోయినట్టే.

రాత మార్కు, ఇంటర్వ్యూ మార్కు విడివిడిగా బయటపడితే ఏం కనిపిస్తుందో చెప్పడానికి మెడికల్ బయట నుంచి ఒక్క ఉదాహరణ. 1950 సివిల్ సర్వీసు పరీక్షలో ఎస్సీల నుంచి మొదటి ఐఏఎస్ అయిన బెంగాల్ బిడ్డ అచ్యుతానంద దాస్‌కి రాతలో 613 మార్కులు. ఆ ఏడాది మొదటి ర్యాంకు వచ్చిన ఎన్. కృష్ణన్‌కి రాతలో 602. ఇంటర్వ్యూలో 300కి కృష్ణన్‌కి 260, దాస్‌కి 110. దాస్ ర్యాంకు 48. రాతలో పదకొండు మార్కులు ముందున్న మనిషి, గదిలోకి వెళ్లి బయటికొచ్చేసరికి 139 మార్కులు వెనకబడ్డాడు. ఈ రెండు అంకెలూ వేరువేరుగా నమోదై ఉండబట్టి ఇవాళ మనం మాట్లాడగలుగుతున్నాం. కలిపి ఒకే మొత్తంగా రాసి ఉంటే, దాస్ తక్కువ మెరిట్ ఉన్నవాడనే చరిత్ర నమ్మేది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నుంచి ఎంసెట్ వచ్చింది. ర్యాంకు, రోస్టరు, కౌన్సెలింగు. మధ్యలో ఇంటర్వ్యూ లేదు. ఎంసెట్ మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. కార్పొరేట్ కాలేజీల సామ్రాజ్యం దాని మీదే లేచింది. కానీ సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో చదివి డాక్టర్లయిన మన అన్నలూ అక్కలూ ఆ ర్యాంకు కాగితం పట్టుకునే లోపలికి వెళ్లారు. కౌన్సెలింగ్ హాల్లో వాళ్లని ఎవరూ మీ నాన్నేం చేస్తాడని అడగలేదు. అడగాల్సిన అవసరం పద్ధతిలో లేదు. ఆ అవసరం లేకపోవడం ఎంత పెద్ద విషయమో, ఆ ప్రశ్న ఎదుర్కొన్నవాడికే తెలుస్తుంది.

నేను ఎదుర్కొన్నాను. పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూకి వెళ్లాను. రాత పరీక్షలో మంచి మార్కులే ఉన్నాయి. నా పరిశోధనాంశం మీద అడిగినవి రెండు ప్రశ్నలు. మిగతావి నా ఇంటిపేరు మీద, ఊరి మీద. మా జిల్లాలో ఆ ఇంటిపేరు వాళ్లు ఎవరో ఒకాయన పక్కాయనకి వివరించారు, నేను అక్కడ లేనట్టుగా. మీ నాన్నగారేం చేస్తారంటే కూలి పని అన్నాను. ఓహో, అయితే ఫెలోషిప్ కోసమన్నమాట అన్నారు. నవ్వుకున్నారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కులం పేరెత్తలేదు. సీటు కూడా వచ్చింది. ఆ గదిలో నాకు ఎన్ని మార్కులేశారో, ఎందుకేశారో మాత్రం ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే మార్గం కూడా లేదు.

ఇప్పుడు నేనే బల్లకి అవతలివైపు కూర్చుంటున్నాను కాబట్టి ఆ తేడా ఇంకా బాగా అర్థమవుతోంది. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తే నా ముందుకొచ్చే జవాబుపత్రంలో హాల్‌టికెట్ నంబరు ఉన్న ముక్క చింపేసి ఉంటుంది. కోడు నంబరే ఉంటుంది. ఆ పిల్లవాడు ఎవరో నాకు తెలియదు. నేను కోపంలో ఉన్నా, ప్రేమలో ఉన్నా అది ఎవరి మీదో తెలియదు. పైగా 2011లో సుప్రీంకోర్టు చెప్పింది, రాసినవాడు సమాచార హక్కు చట్టం కింద తన జవాబుపత్రాన్ని తాను చూసుకోవచ్చని. అంటే నేను వేసిన ప్రతి మార్కుకీ రేపు లెక్క అడిగేవాడుంటాడు. అదే వైవాకి కూర్చుంటే మనిషి ఎదురుగా ఉంటాడు. రంగు, చొక్కా, యాస, ఇంటిపేరు, తడబాటు అన్నీ కనిపిస్తాయి. నా ఎదురుగా మా పేట యాస వినిపిస్తే నా మనసు మెత్తబడుతుంది. నా పక్కనున్నాయనకి ఆయన యాస వినిపిస్తే ఆయన మనసు మెత్తబడుతుంది. తేడా ఏమిటంటే, బల్ల దగ్గర ఆయన వైపు వాళ్లు నలుగురు, నా వైపు నేనొక్కణ్ణి. చాలా బల్లల దగ్గర ఆ ఒక్కడూ ఉండడు.

మరి విదేశాల మాటేమిటి? అక్కడ ఇంటర్వ్యూలతో బాగానే నడుస్తోంది కదా అంటారు. రెండు సంగతులు చెప్తాను.

మొదటిది లండన్. సెయింట్ జార్జెస్ హాస్పిటల్ మెడికల్ స్కూలుకి ఏడాదికి సుమారు 2500 దరఖాస్తులు వచ్చేవి. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతుల్ని తీసేసి మిగతావాళ్లని ఇంటర్వ్యూకి పిలిచేవారు. పిలిస్తే ఎక్కువమందికి సీటొచ్చేది కాబట్టి పిలుపే కీలకం. ఈ ఏరివేత పని తగ్గించడానికి 1970లలో అక్కడి డాక్టరొకాయన కంప్యూటర్ ప్రోగ్రాం రాశాడు. ఎంపిక కమిటీ పెద్దలు అప్పటిదాకా ఎలా ఏరుతున్నారో చూసి, అచ్చం అలాగే ఏరేటట్టు దానికి నేర్పాడు. ప్రోగ్రాం నిర్ణయాలు కమిటీ నిర్ణయాలతో నూటికి తొంభైకి పైగా కలిశాయి. 1982 నుంచి ఏరివేత అంతా దానికే అప్పజెప్పారు. తర్వాత ఆ సంస్థలోనే పనిచేసే ఇద్దరు డాక్టర్లకి అనుమానం వచ్చి జాతి సమానత్వ కమిషన్‌కి తెలియజేశారు. విప్పి చూస్తే ఏముంది? పేరునీ పుట్టిన ఊరునీ బట్టి యూరోపియన్ కాదనిపిస్తే మార్కులు తగ్గించడం, ఆడపిల్లయితే తగ్గించడం. ఇలా ఏడాదికి అరవై మంది దాకా ఇంటర్వ్యూ పిలుపు పోగొట్టుకుని ఉంటారని 1988లో కమిషన్ తేల్చింది.

దీనిలో మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఆ ప్రోగ్రాం కొత్తగా వివక్ష పుట్టించలేదు. పెద్దమనుషుల బుర్రల్లో అంతకుముందే ఉన్నదాన్ని కాపీ చేసింది, అంతే. బుర్రల్లో ఉన్నంతకాలం ఎవరూ పట్టుకోలేకపోయారు. కాగితం మీదికి, కోడులోకి ఎక్కాక దొరికిపోయింది. పేరు చూసి మార్కు తగ్గించే పని లండన్‌లో కంప్యూటర్ చేస్తే నేరమైంది. ఇంటిపేరు చూసి అదే పని మన గదుల్లో మనిషి చేస్తే అది అనుభవం, విచక్షణ అనిపించుకుంటుంది.

రెండోది అమెరికాలో హ్యూస్టన్. 1979లో టెక్సస్ విశ్వవిద్యాలయం మెడికల్ స్కూలు 800 మందిని ఇంటర్వ్యూ చేసి, వరసగా ర్యాంకులిచ్చి, 150 మందిని తీసుకుంది. వాళ్లంతా మొదటి 350 ర్యాంకుల్లోపు వాళ్లు. ఆ తర్వాత ఆలస్యంగా, ఇంకో 50 మందిని చేర్చుకోవాలని రాష్ట్ర శాసనసభ ఆదేశించింది. అప్పటికి పైవాళ్లంతా వేరే కాలేజీల్లో చేరిపోయారు. మిగిలింది 700 నుంచి 800 ర్యాంకుల వాళ్లు. చేసేది లేక వాళ్లనే తీసుకున్నారు. తర్వాత రెండు బృందాల చదువునీ పోల్చి 1987లో ఫలితాలు ప్రచురించారు. మొదటి ఏళ్ల చదువులో, ఆస్పత్రి శిక్షణలో, ఆ పైన డాక్టరుగా మొదటి ఏడాది పనిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కమిటీ చివరి వరసలో కూర్చోబెట్టినవాళ్లు, ముందు వరస వాళ్లతో సమానంగా డాక్టర్లయ్యారు. మరి 800 మందిని కూర్చోబెట్టి, గంటలకొద్దీ మాట్లాడి, ఆ కమిటీ కొలిచిందేమిటి?

ఇంటర్వ్యూని సమర్థించేవాళ్ల వాదనలో బలం లేదని నేను అనను. దేశంలో దీనికి మంచి ఉదాహరణ వేలూరు సీఎంసీ. ఐడా స్కడర్ 1918లో ఆడపిల్లల కోసం మొదలుపెట్టిన మెడికల్ స్కూలు అది. మారుమూల మిషన్ ఆస్పత్రుల్లో పనిచేయడానికి ఎవరికి మనసుందో చూసి తీసుకుంటామని, అందుకు రాత పరీక్షతో పాటు ఇంటర్వ్యూ ఉండాలని వాళ్లు దశాబ్దాలు వాదించారు. నీట్ ర్యాంకుతో మాత్రమే నింపాలన్నప్పుడు, 2017లో నిరసనగా ఎంబీబీఎస్‌లో ఒకే ఒక్క విద్యార్థిని చేర్చుకున్నారు. 2020లో సుప్రీంకోర్టు మైనారిటీ కాలేజీలకీ నీట్ వర్తిస్తుందని తేల్చేసింది. పుణెలోని సైనిక వైద్య కళాశాలలో మాత్రం నీట్ తర్వాత ఇంటర్వ్యూ ఇప్పటికీ ఉంది.

రోగి చెయ్యి పట్టుకుని మాట్లాడగలవాడు కావాలి, పల్లెకి పోయేవాడు కావాలి అన్న కోరిక మనది కూడా. అసలు ఆ కోరిక అందరికన్నా మనదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేక చనిపోయేది మనవాళ్లే కదా. అంకె ఒక్కటే చూస్తే ఏమవుతుందో అనిత మనకి చూపించింది. అరియలూరు జిల్లా దళిత కూలీ కుటుంబం బిడ్డ, పన్నెండో తరగతిలో 1200కి 1176 తెచ్చుకుంది. నీట్ ఆమెకి సీటివ్వలేదు. సుప్రీంకోర్టులో పోరాడింది. 2017 సెప్టెంబర్ 1న మనకి లేకుండా పోయింది. కాబట్టి అంకె అమాయకమైనదని నేను ఎన్నటికీ రాయను.

కానీ అనిత కథని మళ్లీ చూడండి. ఆమె దగ్గర 1176 అనే అంకె ఉంది. ఆ అంకె పట్టుకునే ఆమె కోర్టుకి వెళ్లగలిగింది, తమిళనాడు మొత్తం రోడ్డెక్కగలిగింది. ఆమెని ఒక ఇంటర్వ్యూ గది తిప్పి పంపి ఉంటే, ఈమెలో డాక్టరుకి కావలసిన వ్యక్తిత్వం కనిపించలేదు అని రాసి ఉంటే, మనం ఏం పట్టుకుని కొట్లాడేవాళ్లం? నీట్ చేసిన అన్యాయానికి మందు ఇంకో రకం అంకెలో ఉంది. ఇంటర్ మార్కులకి విలువ, ప్రభుత్వ బడి పిల్లలకి కోటా, గ్రామీణ పిల్లలకి వెయిటేజీ. ఇవన్నీ కొలవగలిగినవి, రుజువు చేయగలిగినవి. మూసిన గదిలో ఆ మందు లేదు.

ఇదంతా పాత కథ, ఇప్పుడు ఎంబీబీఎస్‌కి ఇంటర్వ్యూలు లేవుగా అనుకోకండి. సీటొచ్చాక లోపల గది అలాగే ఉంది. దాని పేరు ప్రాక్టికల్, వైవా. ఢిల్లీ ఎయిమ్స్‌లో కులవివక్ష మీద సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వాళ్ల ముందు చెప్పుకున్న బాధల్లో వైవా ఒకటి. పరీక్ష చేసేవాళ్లు సూటిగానో డొంకతిరుగుడుగానో కులం ఆరా తీస్తారని, మార్కులు దాన్నిబట్టి మారతాయని చెప్పారు. చిత్రలేఖ కేసు నాటి గది ప్రవేశం దగ్గర మూతపడి, పరీక్ష దగ్గర తెరుచుకుంది. అంతే తేడా.

అందుకని మనం అడగాల్సినవి స్పష్టంగా ఉండాలి. రేపు ఏ కమిటీ అయినా వైద్యవిద్యలో మానవీయ విలువలు చూడాలంటూ ఇంటర్వ్యూని వెనక తలుపులోంచి తెస్తే, మన విద్యార్థి సంఘాలు ఈ షరతులు ముందు పెట్టాలి.

ఒకటి, మొత్తం ఆడియో, వీడియో రికార్డు కావాలి, అభ్యర్థి అడిగితే కాపీ ఇవ్వాలి. భగవతి తీర్పు 1980లోనే టేపు గురించి చెప్పింది. ఇప్పుడు ప్రతి జేబులో ఫోనుంది.

రెండు, ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే చెప్పాలి, విడివిడిగా వేయాలి, విడివిడిగా ప్రకటించాలి. పెరియకరుప్పన్ తీర్పు నేర్పింది ఇదే.

మూడు, ఒకే బల్ల ముందు కూర్చోబెట్టొద్దు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఇరవై ఏళ్ల కిందటే ఒక పద్ధతి మొదలుపెట్టింది. అభ్యర్థి ఒక్కొక్క చోట కొన్ని నిమిషాలు చొప్పున పది దాకా చిన్న గదులు తిరుగుతాడు. ఒక్కో గదిలో వేరే మనిషి, వేరే సమస్య. ఒకరికి నచ్చకపోయినా ఆ ఒక్కరి చేతిలో జీవితం ఉండదు.

నాలుగు, ఇంటిపేరు, తండ్రి వృత్తి, ఊరు, స్కూలు పేరు బల్ల మీదికి రాకూడదు. అడిగినవాళ్లని తొలగించాలి.

ఐదు, బల్ల వెనక ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సభ్యులుండాలి. ఒక్కరు కాదు, మాట చెల్లేటంత మంది. ఇంటర్వ్యూలో తెలుగులో మాట్లాడే హక్కు ఉండాలి. రేపు ఆ డాక్టరు మాట్లాడేది తెలుగు రోగితోనే.

ఆరు, ఏ వర్గానికి సగటున ఎన్ని ఇంటర్వ్యూ మార్కులొచ్చాయో ఏటా ప్రచురించాలి.

ఇవి ఒప్పుకోకపోతే ఇంటర్వ్యూ వద్దు. మనం మెత్తబడాల్సిన పనిలేదు.

మెడికల్ కాలేజీల్లో ఇప్పటికే ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక పని చెప్తాను. వైవా అయిన రోజు రాత్రే నోట్సు తీయండి. తేదీ, టైము, ఎవరు కూర్చున్నారు, ఏమడిగారు, మీరేం చెప్పారు, చదువుకి సంబంధం లేని ప్రశ్న ఏదైనా వచ్చిందా. ఇద్దరు ముగ్గురు కలిసి రాసుకోండి. ఒక్కరి నోట్సు ఫిర్యాదుగానే ఉంటుంది. ఒకే గది మీద నాలుగేళ్ల నోట్సు ఉంటే అది సాక్ష్యం. సమాచార హక్కు కింద రాత మార్కులు, వైవా మార్కులు విడివిడిగా అడగండి. ఎక్కడో తేడా కనిపిస్తుంది. ఆ తేడా పట్టుకుని సెల్‌కి వెళ్లండి, సంఘానికి చెప్పండి, నాకు రాయండి.

మన ముందు తరం దగ్గర ఈ కాగితాలు లేవు. అందుకే వాళ్ల అన్యాయాలు చరిత్రలోకి ఎక్కలేదు. మీ తరం దగ్గర ఉండాలి.

వచ్చే భాగంలో మేనేజ్‌మెంట్ కోటా, ఎన్‌ఆర్‌ఐ కోటా గురించి. అక్కడ ఇంటర్వ్యూ లేదు, మెరిట్ మాట అసలే లేదు. అయినా వాళ్లని ఎవరూ మీ నాన్నగారేం చేస్తారని నవ్వుతూ అడగరు. ఎందుకో మాట్లాడుకుందాం.

జై భీమ్.